తపతి ఒడ్డున మారుమనస్సు

తెలుగు బైబిలు చదివే ఇంట పుట్టినవాళ్లకు ‘మారుమనస్సు’ అన్న మాట ఊహ తెలియకముందే చెవిన పడి ఉంటుంది. అందుకే దానిలోని బరువు చాలాకాలం పట్టించుకోం. గుజరాతీ బైబిలు తెరిస్తే అదే చోట ‘పస్తావో’ అని కనిపిస్తుంది. పస్తావో అంటే చేసినదానికి నొచ్చుకోవడం, మన పశ్చాత్తాపం. గ్రీకు మూలంలో ఉన్న ‘మెటనోయా’లో నొచ్చుకోవడం కన్నా మనసు మళ్లడమే ముఖ్యం గనుక, ఈ ఒక్క మాట దగ్గర మన అనువాదకులు ఒక మెట్టు పైన నిలిచారని నాకనిపిస్తుంది. అయితే మాట దొరికినంత మాత్రాన మనసు మారదు. ఆ సంగతి భారతదేశంలో అందరికన్నా ముందు, అందరికన్నా ముఖం మీద చెప్పిన ఊళ్లలో తపతి ఒడ్డున ఉన్న సూరత్ ఒకటి. నాలుగు వందల ఏళ్లుగా ఆ ఊరు తన దగ్గరికి వచ్చిన ప్రతి క్రైస్తవుణ్ణీ ఒకే ప్రశ్న అడుగుతోంది. నీ దేవుడెవరు అన్నది కాదు ఆ ప్రశ్న. నువ్వు మారావా అన్నది.

1612లో సూరత్ రేవుకు దగ్గరలోని సువాలి వద్ద కెప్టెన్ థామస్ బెస్ట్ ఓడలు పోర్చుగీసువాళ్లతో తలపడి నిలిచాక ఇంగ్లీషువాళ్లకు ఆ ఊళ్లో కాలు మోపే చోటు దొరికింది. మూడేళ్లకు రాయబారి సర్ థామస్ రో దిగాడు. ఆయన దగ్గర గురువుగా పనిచేయడానికి 1616లో ఎడ్వర్డ్ టెర్రీ వచ్చాడు. టెర్రీ తర్వాత రాసిన యాత్రాగ్రంథంలో తన వాళ్ల గురించి ఊరి జనం అన్న మాటలను దాచకుండా పెట్టాడు. క్రైస్తవం దయ్యపు మతమని, క్రైస్తవులు తెగ తాగుతారని, కొడతారని, నోటికొచ్చినట్టు తిడతారని వచ్చీరాని ఇంగ్లీషులో అనేవారట. బజారులో సరుకుకు మరీ తక్కువ ధర అడిగితే, నిన్ను మోసం చేయడానికి నేనేమైనా క్రైస్తవుణ్ణా అని దుకాణదారు ఎదురడిగేవాడట. ఒక గురువు తన జాతి మీద పడిన ఈ నిందను తన చేత్తోనే రాసిపెట్టడం చిన్న విషయం కాదు. సూరత్‌లో క్రైస్తవ అంతరంగ చరిత్ర మొదలయ్యేది ఆ నిజాయితీ దగ్గరే అంటాను. ఆ కాలంలోనే బెస్ట్ ఓడల్లో గురువుగా వచ్చిన పాట్రిక్ కోప్లాండ్, బంగాళాఖాతం వైపు నుంచి తీసుకెళ్లిన ఒక కుర్రవాడికి చదువు చెప్పాడు. 1616 డిసెంబరులో లండన్‌లో ఆ అబ్బాయికి పీటర్ అని పేరు పెట్టి బాప్తిస్మమిచ్చారు. అది నగర పెద్దలు తరలివచ్చిన వేడుక. ఆ పిల్లవాడి లోపల ఏం జరిగిందో అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

ఈస్టిండియా కంపెనీ స్థావరాల్లో భక్తికి కట్టుబాట్లు లేకపోలేదు. ఉదయం, సాయంత్రం ప్రార్థన, రానివాడికి జరిమానా, తాగి అల్లరి చేసినవాడికి శిక్ష. జరిమానాతో మనిషిని ప్రార్థనకు రప్పించవచ్చు, అంతవరకే. సూరత్‌లో గురువుగా ఉన్న హెన్రీ లార్డ్ 1630లో బనియాల మీదా పారశీకుల మీదా పుస్తకం అచ్చువేశాడు. ఎదుటివాడి మతాన్ని అంత శ్రద్ధగా పరిశీలించిన ఆ కన్ను సొంత స్థావరం మీద అంతగా నిలవలేదు. ఈ రోజు కతార్‌గామ్ దారిలో ఉన్న ఇంగ్లీషు శ్మశానానికి వెళ్లి చూడండి. 1659లో పోయిన క్రిస్టొఫర్ ఆక్సెండెన్‌కూ, 1669లో పోయిన అతని సోదరుడు జార్జ్‌కూ కలిపి లేపిన రెండంతస్తుల గుమ్మటం మొగలు నవాబుల సమాధులతో పోటీ పడుతుంది. కొద్ది దూరంలో డచ్చివాళ్ల శ్మశానంలో ‘హోర్టస్ మలబారికస్’ అనే మహా వృక్షశాస్త్ర గ్రంథాన్ని కూర్పించిన వాన్ రీడ్ సమాధి ఉంది. ఆయన 1691లో పోయాడు. పునరుత్థానం మీద నమ్మకం ఉన్నవాళ్లు రాతి మీద ఇంత ఖర్చు ఎందుకు పెట్టారో అని నాకు అక్కడ నిలబడ్డప్పుడల్లా అనిపిస్తుంది.

ఆ గుమ్మటాల కాలంలోనే నువ్వు మారావా అన్న ప్రశ్నకు వేరే జవాబు ఇచ్చిన మనిషి కూడా సూరత్‌లోనే ఉన్నాడు. 1664 జనవరిలో శివాజీ సైన్యం ఊరి మీద పడింది. జార్జ్ ఆక్సెండెన్ తుపాకులతో తన కోఠీని కాపాడుకున్నాడు. కపూచిన్ సన్యాసి ఫాదర్ ఆంబ్రోజ్ దగ్గర తుపాకులేవీ లేవు. పాదిరీలు మంచివాళ్లు, వాళ్ల జోలికి పోవద్దని శివాజీ ఆజ్ఞ ఇచ్చినట్టు ఆ కాలపు ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే రాశాడు. అర్ధశతాబ్దం క్రితం క్రైస్తవుడంటే మోసగాడన్న ఊళ్లోనే, దోచుకోవడానికి వచ్చిన సైన్యం ఒక క్రైస్తవుడి ఇంటిని వదిలిపెట్టింది. రెండు సంఘటనల మధ్య మారింది మతం కాదు, మనుషుల నడవడి. ఫాదర్ ఆంబ్రోజ్ ఎందరికి బాప్తిస్మమిచ్చాడన్న లెక్క కన్నా, దోపిడీ రోజున ఆ ఇంటి తలుపు పగలకపోవడమే ఆయన పరిచర్యకు సాక్ష్యం.

తర్వాతి మలుపు సూరత్‌లో కాదు, జర్మనీలోని హాలేలో వచ్చింది. సిద్ధాంతం నోటికి రావడం చాలదు, హృదయం తిరిగి పుట్టాలి, ఆ పుట్టుక రోజువారీ బతుకులో కనబడాలి అని పట్టుబట్టిన భక్తి ఉద్యమానికి ఆ ఊరు కేంద్రం. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ 1746, 1747ల్లో అక్కడే తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అక్షరం మొదట అచ్చుకెక్కింది హృదయ పరివర్తన గురించి మాట్లాడడానికే అన్న సంగతి మన సాహిత్య చరిత్రల్లో ఒక పాదసూచికగా మిగిలిపోయింది. అదే స్ఫూర్తితో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీ 1804, 1805 ప్రాంతంలో భారతదేశానికి మనుషుల్ని పంపింది. క్రాన్, డే గ్రాంజ్‌లు విశాఖపట్నం చేరారు. సూరత్‌కని బయలుదేరిన ఇద్దరిలో లవ్‌లెస్ మద్రాసులోనే ఆగిపోయాడు. సూరత్ మరో పదేళ్లు ఎదురుచూసింది. విశాఖలో ఆ ఇద్దరికీ ఆనందరాయర్ తోడయ్యాడు. మంత్రజపాలతో శాంతి వెతికి దొరకక ఇటు తిరిగిన బ్రాహ్మణుడాయన. ఆయన సాయంతో తయారైన మూడు సువార్తల తెలుగు అనువాదం 1812లో సీరాంపూరులో అచ్చయ్యేనాటికి క్రాన్, డే గ్రాంజ్‌లిద్దరూ సమాధుల్లో ఉన్నారు.

సూరత్‌కు 1815లో జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ వచ్చారు. వాళ్లు చేసిన పెద్ద పని ఏమిటంటే భాషను నమ్మడం. ముద్రణాలయం పెట్టి, గుజరాతీ నేర్చి, 1823 నాటికి పూర్తి బైబిలును సూరత్‌లోనే గుజరాతీలో తెచ్చారు. స్కిన్నర్ ఆ పని పూర్తి కావడం చూడలేదు, 1821లోనే పోయాడు. 1825 ఏప్రిల్‌లో కలకత్తా బిషప్ హీబర్ వచ్చి ఇంగ్లీషువాళ్ల చర్చిని ప్రతిష్ఠించాడు. దానికి ఊళ్లో గౌరవం దక్కింది గానీ, అది పాలకుల గుడిగానే ఉంది. మిషన్ చుట్టూ చేరిన దేశీయుల గుంపు చాలా చిన్నది. లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని చూస్తే ముప్ఫై ఏళ్ల శ్రమకు ఫలితం దాదాపు శూన్యమనాలి. కానీ ఆ ప్రభావం లెక్కకు అందని దారుల్లో పాకింది. 1844లో దుర్గారాం మెహతాజీ, ఆయన మిత్రులు సూరత్‌లో మానవ ధర్మ సభ పెట్టి కులం, మంత్రతంత్రాలు, విధవల స్థితి గురించి బహిరంగంగా వాదించడం మొదలుపెట్టారు. వాళ్లు క్రైస్తవులు కాలేదు, కావాలనుకోలేదు కూడా. కానీ మతాన్ని అంతరాత్మ ముందు నిలబెట్టి ప్రశ్నించే అలవాటు ఊళ్లో అన్ని వైపులకూ పాకింది. భరూచ్ వైపు పుట్టిన పార్శీ యువకుడు ధన్‌జీభాయి నౌరోజీ 1839లో బొంబాయిలో బాప్తిస్మం పొందినప్పుడు కోర్టు దాకా గొడవ వెళ్లింది. తర్వాత ఆయన రాసుకున్న ఆత్మకథ 1909లో వచ్చింది. లోపలి మార్పును పశ్చిమ భారతదేశంలో ఒక భారతీయుడు తన మాటల్లో తానే చెప్పుకున్న తొలి పుస్తకాల్లో అదొకటి.

1841లో రాజ్‌కోట్ చేరిన ఐర్లాండ్ ప్రెస్బిటేరియన్ మిషన్ ఆ దశాబ్దం చివరికి సూరత్ పనిని లండన్ వాళ్ల నుంచి తీసుకుంది. ఊళ్లో ఐ.పి. మిషన్ హైస్కూలు అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది కదా, అందులోని ఐ అక్షరం ఐర్లాండుదే. వాళ్లలోకి వచ్చి చేరిన జోసెఫ్ వాన్ సోమెరెన్ టేలర్ 1867లో రాసిన గుజరాతీ వ్యాకరణాన్ని గుజరాతీ పండితులు నేటికీ గౌరవంగా తలచుకుంటారు. భజన బాణీల్లో క్రైస్తవ గీతాలు కట్టడానికి పూనుకున్నవాడూ ఆయనే. ఇది మనకు కొత్త కాదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి అప్పటికే తెలుగులో కీర్తనలు కడుతున్నాడు. ఆయన తెలుగువాళ్ల నోట పాటై మిగిలాడు. ప్రసంగం చెవి దాకా వెళుతుంది, పాట ఇంకా లోపలికి దిగుతుంది. టేలర్‌కూ చౌదరికీ పరిచయం ఉందో లేదో గానీ, ఇద్దరూ కనిపెట్టిన కీలకం ఒకటే: పరాయి రాగంలో మనసు తిరగదు.

ఇక్కడ కొంచెంసేపు తపతి వదిలి గుండ్లకమ్మ ఒడ్డుకు రావాలి. ఎందుకంటే అంతరంగ పరివర్తన అన్నది పండితుల మాటగా ఉండడం మాని, ఊరి చివర గూడెంలోకి నడిచి వెళ్లింది అక్కడే. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల పని చేసే మాదిగ. చెప్పులు కుట్టుకుంటూనే ఆయన వీరమ్మ అనే యోగిని దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. నిరాకారుడైన దేవుణ్ణి లోపల వెతికాడు. మిషనరీలు వచ్చి ఖాళీ పాత్రలో ఏదో పోశారనుకునేవాళ్లు పేరయ్య కథ చదవాలి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా 1899లో ఆ కథను, ఆయన తోటివాళ్ల కథలను పుస్తకంగా రాసింది. పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని, భార్యతో కలిసి ఊరూరా తిరిగాడు. ఒంగోలు మిషన్ కొత్తవాళ్లను అడిగినవి మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే ఇవి బాహ్య నియమాలే. కానీ జాతరలో డప్పు కొట్టనన్న మాదిగను, ఆదివారం వెట్టికి రానన్న మాదిగను ఊరి పెద్దలు ఎలా చూశారో ఊహించుకుంటే, ఆ మూడింటికీ లోపల ఎంత తెగువ కావాలో తెలుస్తుంది. 1876-78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం పని ఒప్పుకుని వేలమందికి కూలి చూపించాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ పని సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగిపోయాకే నీటి దగ్గరికి పిలిచాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో మునిగి లేచారు. అంకె ఎంత పెద్దదైనా, నన్ను ఆపేది దాని ముందున్న ఆ నిరీక్షణే.

గుజరాత్‌కు అలాంటి పరీక్ష 1899-1900లో వచ్చింది. విక్రమ సంవత్సరం 1956 గనుక ఆ కరువును అక్కడివాళ్లు నేటికీ ఛప్పనియో అంటారు. మిషన్లు అనాథలను చేరదీశాయి. పండిత రమాబాయి గుజరాత్ నుంచి వందల ఆడపిల్లలను తన ముక్తి మిషన్‌కు తీసుకెళ్లింది. గుజరాతీ క్రైస్తవుల్లో చాలామంది వణకర్లు, అంటే నేతగాళ్లు. మన మాలలు కూడా ఎన్నో ఊళ్లలో మగ్గం మీద బతికినవాళ్లే. మిల్లు బట్ట మగ్గాన్ని పడగొట్టిన కాలంలోనే ఆ మగ్గం దగ్గర కూర్చున్నవాడు కొత్త నేతకు మనసిచ్చాడు. కరువు క్రైస్తవులన్న ఎగతాళి రెండు చోట్లా వినిపించింది. దానికి జవాబు కొన్నేళ్లకు తనంతట తానే వచ్చింది. 1904 వేల్స్ ఉజ్జీవం వార్త విని ప్రార్థిస్తున్న ముక్తి ఆడపిల్లల మధ్య 1905 జూన్‌లో పాపపు ఒప్పుకోలు, కన్నీళ్లు మొదలయ్యాయి. మరుసటి ఏడాది నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లోనూ అదే కనిపించింది. కడుపు నిండాక వచ్చిన ఏడుపు అది. తిండి కోసం చేరారన్న పిల్లలే తిండితో పనిలేని ఆకలి ఒకటుందని చూపించారు.

అయినా సూరత్ పాత ప్రశ్న వదలలేదు. గాంధీ తన ఆత్మకథలో రాజ్‌కోట్ చిన్ననాటి ముచ్చట రాశారు. హైస్కూలు దగ్గర మిషనరీ హిందూ దేవతలను దూషించడం విన్నారట. పేరున్న ఒక హిందువు బాప్తిస్మం పొందాక గొడ్డుమాంసం తిని, మద్యం తాగి, కోటూ హ్యాటూ వేసుకోవలసి వచ్చిందని చెప్పుకోగా విన్నారట. ఆ రోజుల్లో రాజ్‌కోట్‌లో ఉన్న ఐరిష్ మిషనరీ హెచ్.ఆర్. స్కాట్ 1926లో సూరత్ నుంచి గాంధీకి ఉత్తరం రాసి, ఇది జరగలేదని ఖండించాడు. గాంధీ ఆ ఉత్తరాన్ని ‘యంగ్ ఇండియా’లో అచ్చువేశారు, తన జ్ఞాపకాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఎవరి మాట నిజమన్న తీర్పు నా పని కాదు. 1616లో టెర్రీ విన్న నింద మూడు వందల ఏళ్ల తర్వాత కూడా దాదాపు అదే మాటల్లో తిరుగుతోందన్నదే నాకు ముఖ్యం. క్రైస్తవుడంటే తాగేవాడు, వేషం మార్చినవాడు. బాప్తిస్మం పేరును మార్చింది, బట్టను మార్చింది, మనిషిని మార్చిందా? స్కాట్ సూరత్‌లో కూర్చుని బదులు చెప్పుకోవలసి వచ్చింది తన ఒక్కడి కోసం కాదు, మూడు శతాబ్దాల కోసం.

ఆ ప్రశ్నకు అందరికీ కనబడే జవాబు ఆ దశకంలోనే మన దగ్గర దొరికింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్‌లో పరిశుభ్రత, చదువు, మద్యం మానడం, ఇచ్చిన మాట నిలుపుకోవడం ఇవన్నీ ఆత్మీయ విషయాలేనని పల్లె పల్లెకూ నేర్పాడు. 1920, 30ల్లో గూడెంలో వచ్చిన మార్పును ఊళ్లోని రైతు కులాలవాళ్లు చూసి సంఘంలో చేరడం మొదలుపెట్టారు. భారతదేశంలోని సామూహిక మతమార్పిళ్లను పరిశీలించి 1933లో వెలువడిన పికెట్ నివేదిక దీన్ని ప్రత్యేకంగా చెప్పింది. పై మెట్టు వాడు కింది మెట్టు వాడి బతుకు చూసి ఇదేదో నిజమేనని ఒప్పుకోవడం! నాలుగు శతాబ్దాల కథలో ఇంతకన్నా పెద్ద మలుపు నాకు కనిపించలేదు. తర్వాత దక్షిణ భారత సంఘం 1947లో, సూరత్ సంఘాలు చేరిన ఉత్తర భారత సంఘం 1970లో ఏర్పడ్డాయి. 1950 నుంచి హైదరాబాదు హెబ్రోనులో భక్త్ సింగ్ కూటములు సంస్థల గోడలకు బయట మరో ధారను నడిపాయి. పంజాబు సిక్కు ఇంటి బిడ్డ తెలుగువాళ్ల మధ్య స్థిరపడి 2000లో ఇక్కడే కన్నుమూశాడు.

ఇప్పుడు తెలుగువాడే సూరత్ చేరాడు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి పద్మశాలీలు మొదలుగా ఎందరో సాంచెల పని వెతుక్కుంటూ లింబాయత్, ఉధ్నా బస్తీల్లో స్థిరపడ్డారు. సిరిసిల్లలో మనం పవర్‌లూమ్‌ను సాంచా అంటాం. గుజరాతీలో యంత్రానికి సాంచో అన్నదే మాట. మాట ముందే చేరింది, మనిషి తర్వాత చేరాడు. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. వలస వచ్చిన తెలుగువాళ్లలో ఎక్కువమంది మార్కండేయుణ్ణి కొలిచేవాళ్లు, క్రైస్తవులు కొద్దిమందే. ఆ కొద్దిమందీ తెలుగు బైబిలును, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాన్ని వెంట తెచ్చుకున్నారు. మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటల షిఫ్టు, చెవులు గింగురుమనే మోత. మారుమనస్సుకు ఇంతకన్నా కఠినమైన పరీక్షా స్థలం ఉంటుందా? తాగి ఇంటికి వచ్చేవాడు తాగకుండా వచ్చాడా, అప్పు తీర్చాడా, ఊళ్లో ఉన్న తల్లికి డబ్బు పంపాడా అని పక్క గదివాడు చూస్తాడు. టెర్రీ కాలపు దుకాణదారు చూసినట్టే చూస్తాడు.

ఇంకో మలుపు చట్టం రూపంలో వచ్చింది. 2003 నాటి గుజరాత్ మత స్వేచ్ఛా చట్టం ప్రకారం మతమార్పిడి చేయించేవారు ముందుగా జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. 2021 సవరణతో అది ఇంకా బిగిసింది. బలవంతం, ప్రలోభం ఉన్నాయా అని ప్రభుత్వం అడుగుతుంది. ఆ ప్రశ్నను క్లౌ కూడా కరువులో తనకు తానే వేసుకున్నాడు, దానికి జవాబుగా ఏడాదికి పైగా ఆగాడు. అయితే మేజిస్ట్రేటు దగ్గరున్న దరఖాస్తులో పేరు, ఊరు, తేదీ రాయడానికి గడులుంటాయి గానీ మనసు రాయడానికి గడి ఉండదు. అంతరంగాన్ని కాగితం మీద కొలవాలనుకోవడం కంపెనీవాళ్ల జరిమానా లాంటిదేనని నా అభిప్రాయం.

ఈ చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు నాకు ఒక లోటు పదే పదే ఎదురైంది. ఆక్సెండెన్ రాతి మీద ఉన్నాడు, టెర్రీ పుస్తకంలో ఉన్నాడు, స్కాట్ పత్రికలో ఉన్నాడు. 1823 బైబిలుకు అచ్చుదిమ్మలు పేర్చిన చేతులు, ఛప్పనియోలో బతికి బట్టకట్టిన వణకర్ తల్లులు, సాంచెల దగ్గర షిఫ్టు మార్చుకుని ప్రార్థనకు కూర్చున్న మన మనుషులు దాదాపు ఎక్కడా లేరు. సూరత్‌లో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలకు నాదొక విన్నపం. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా ఉంటే, వాళ్ల సాక్ష్యం రాయించి పెట్టండి. ఏ ఏడు ఊరు విడిచారో, ఎవరి సాంచె మీద పనిచేశారో, ఏ అలవాటు ఎప్పుడు వదిలారో, ఏది ఎంత ప్రయత్నించినా వదల్లేకపోయారో అన్నీ రాయండి. ఒక నోటుబుక్కు చాలు.